కుడికి జరిగిన మిల్లీమీటరు: ఒక ఎయిర్ రైఫిల్ సైట్ల కేస్

"సార్, అప్పర్ రిసీవర్ మార్పిస్తే సరిపోతుందంట కదా?" అన్నాడు ఆ తండ్రి, రైఫిల్ పెట్టె నా బల్ల మీద పెట్టీ పెట్టకముందే. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఎవరో అమెరికా ఆయన నల్ల రైఫిల్‌ను రెండు ముక్కలుగా విడదీస్తున్న వీడియో. పక్కన కూతురు తలవంచుకుని నిలబడింది. పదహారేళ్లు, పీయూసీ మొదటి సంవత్సరం. వాళ్లది ధర్మవరం, ఉండేది మారతహళ్లిలో.

బెంగళూరులో నాది రెండు పూటల పని. పొద్దున పిల్లలకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పిస్తాను. మధ్యాహ్నం నుంచి వేరే రేంజ్‌ల వాళ్లు తెచ్చే రైఫిళ్లు విప్పి, శుభ్రం చేసి, సైట్లు, అంటే గురి చూసే భాగాలు, సరిచేసి పంపుతాను. ఈ కేస్ రెండో పూటది. ఇందులో నేను ఒకసారి తప్పుగా తేల్చాను. రాయడానికి అసలు కారణం కూడా అదే.

సమస్య ఇదీ. అమ్మాయి ఆరు నెలల కిందట పోటీలకు వాడే ఒక సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ కొనుక్కుంది. అల్యూమినియం స్టాక్ (భుజానికి ఆన్చి పట్టుకునే భాగం), గాలి సిలిండర్, మంచి రకమే. మొదటి రెండు నెలలు ప్రాక్టీస్‌లో అరవై షాట్లకు 617, 618 పాయింట్లు కొట్టేది. తర్వాత 611, 612 దగ్గర ఆగిపోయింది. అరవై షాట్లలో మొదటి ఇరవై బాగానే పడతాయి. ఆ తర్వాత గ్రూప్, అంటే దెబ్బలు పడే గుంపు, మెల్లగా కుడికి జరుగుతుంది. వెనక సైట్ మరను నాలుగు క్లిక్కులు ఎడమకు తిప్పితే మధ్యకు వస్తుంది. మర్నాడు పొద్దున చూస్తే అన్నీ ఎడమకు పడుతుంటాయి. నిన్న తిప్పిన నాలుగు క్లిక్కులూ వెనక్కి తిప్పాలి. ఆమె రేంజ్‌లో కోచ్ "ట్రిగర్ లాగుతున్నావు, టెన్షన్ తగ్గించుకో" అన్నారట. రైఫిల్ అమ్మిన మనిషి, కదలకుండా పట్టి ఉంచే వైస్‌లో బిగించి కొట్టిన టెస్ట్ కార్డు చూపించి, "తుపాకీలో లోపమే లేదు" అన్నాడట. తండ్రి మాత్రం ఒకటే మాట: "పాపకు ఈ తుపాకీ అచ్చిరాలేదు సార్."

ముందు ఆ వీడియో సంగతి తేల్చాలి. ఇలాంటి ప్రశ్న నెలకు ఒక్కరైనా అడుగుతారు.

ఆ వీడియోలోది ఏఆర్-15 రకం. 1950ల చివర్లో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ చేసిన డిజైన్‌కు వారసురాలు. రెండు పిన్నులు తోస్తే పై సగం, కింది సగం విడిపోతాయి. కింది సగంలో ట్రిగర్, మ్యాగజైన్ ఉంటాయి. పై సగంలో బారెల్, బోల్ట్, వాటి మీద సైట్లు. ఆ పై సగమే అప్పర్ రిసీవర్. అమెరికా చట్టం లెక్కలో కింది సగమే తుపాకీ, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. అందుకే అక్కడ అప్పర్‌ను విడిగా కొనుక్కుని, ఒకే కింది సగానికి రెండు మూడు అప్పర్లు మార్చి మార్చి వాడతారు. మన దగ్గర ఆ ఆట కుదరదు. 1959 ఆయుధాల చట్టంలో 'ఆయుధం' అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి. ఎయిర్ రైఫిల్ దారి వేరు. 2016 నియమాల ప్రకారం బోర్ (బారెల్ లోపలి వెడల్పు) 4.5 మి.మీ., శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్స్ అక్కర్లేదు. పది మీటర్ల మ్యాచ్ రైఫిల్ శక్తి ఎనిమిది జౌల్స్ కూడా ఉండదు. పైగా దీన్ని పై సగం, కింది సగం అని విడదీసే పని లేదు. రిసీవర్, దానిలో బిగించిన బారెల్ కలిపి ఒకటే వ్యవస్థ.

అయినా ఆయన ప్రశ్నను పూర్తిగా కొట్టిపారేయలేదు. ఆ ఏఆర్ రైఫిల్ వాడేవాళ్లు ఎన్నో ఏళ్లుగా పాటించే ఒక పద్ధతి మనకూ పనికొస్తుంది. పాత రకం అప్పర్‌లో మోసే పిడి రిసీవర్‌తో కలిసే ఉండేది, వెనక సైట్ ఆ పిడిలోనే. తర్వాత పిడి తీసేసి పైభాగాన్ని చదును చేసి, పొడవునా గాళ్లు కోసిన పట్టా పెట్టారు. దానితో ఏ సైట్ కావాలంటే అది, ఎంత ఎత్తున కావాలంటే అంత ఎత్తున పెట్టే వీలొచ్చింది. వీలుతో పాటు తలనొప్పీ వచ్చింది. సైట్‌ను పట్టి ఉంచే మౌంట్ ఒక కాలు రిసీవర్ మీద, ఇంకో కాలు ముందున్న చేతిపట్టు మీద వేసి బిగించేవాళ్లు కొందరు. చేతిపట్టు బారెల్‌తో కలిసి ఉండదు, చేయి నొక్కితే వంగుతుంది. సైట్ దానితో పాటు వంగుతుంది. అందుకే రెండు కాళ్లూ రిసీవర్ మీదే ఉండాలంటారు. సైట్ నిలబడ్డ నేలా, బారెల్ నిలబడ్డ నేలా ఒకటే కావాలి. ఆయనకు ఇదే చెప్పాను. ఈ మాట నాకే బుర్రకు ఎక్కలేదని పది రోజుల తర్వాత తేలింది.

మొదటి పరీక్ష

రైఫిల్‌ను వైస్‌లో పెట్టి, ఆమె వాడే పెల్లెట్లతోనే పది పది చొప్పున ఐదు కార్డులు కొట్టాను. ప్రతి కార్డులో చక్కటి గుండ్రటి చిల్లు. బారెల్ బాగుంది, పెల్లెట్ దానికి నప్పుతోంది, గాలి ఒత్తిడి నిలకడగా ఉంది. అమ్మిన మనిషి అబద్ధం చెప్పలేదు.

కానీ ఈ పరీక్షను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వైస్‌లో కొట్టేటప్పుడు ఎవరూ సైట్‌లోంచి చూడరు. సైట్లు ఊడదీసి కొట్టినా చిల్లు అదే వస్తుంది. టెస్ట్ కార్డు బారెల్‌కు యోగ్యతాపత్రం, అంతే. సైట్ల గురించి అది ఒక్క మాటా చెప్పదు. అలాంటి కార్డు పట్టుకుని "రైఫిల్ బాగానే ఉంది, లోపం పిల్లలో ఉంది" అని తేల్చేసిన కేసులు నా దగ్గరికి ఇప్పటికి చాలా వచ్చాయి.

ఇక సైట్ల దగ్గరికి వచ్చాను. అమ్మాయి పొడగరి, మెడ పొడవు. నిలబడి కొట్టేటప్పుడు తల నిటారుగా ఉంచాలంటే చూపు రేఖ బారెల్ కంటే బాగా పైన ఉండాలి. లేకపోతే మెడ వంచి స్టాక్ మీదకు వాలాలి. వాలితే కళ్లు పైకెత్తి చూడాలి, ఇరవై షాట్లకు మెడ పట్టేస్తుంది. అందుకని ఎవరో ముందూ వెనకా సైట్ల కింద రైజర్లు వేశారు. వెనక రెండు 5 మి.మీ. దిమ్మెలు ఒకదాని మీద ఒకటి, ముందు ఒకటే 10 మి.మీ. దిమ్మె.

వెనక ఉన్న రెండు దిమ్మెలూ ఒక కంపెనీవి కావు. అక్కడే నా చూపు ఆగిపోయింది.

ఈ దిమ్మెలు కూర్చునే పట్టాను డవ్‌టెయిల్ అంటారు. పైన వెడల్పు, కింద ఇరుకు, రెండు పక్కలా ఏటవాలు. మౌంట్ దవడలు ఆ ఏటవాలును కింద నుంచి పట్టుకుంటాయి. పెట్టె మీద 11 మి.మీ. అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. వెడల్పు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఏటవాలు కోణం కూడా మారుతుంది. కోణం కలవకపోతే దవడ మొత్తం ఆనదు, ఒక అంచు మాత్రమే సన్నటి గీతలా ఆనుతుంది. అలెన్ కీకి గట్టిగానే తగులుతుంది, పట్టు మాత్రం ఉండదు. వీడియోల్లో కనిపించే ఆ గాళ్లు కోసిన పట్టా, పేరు పికాటిన్నీ, దానిలో ఈ బాధ లేదు. గాడి వెడల్పు 5.23 మి.మీ., గాడికీ గాడికీ మధ్య దూరం 10.01 మి.మీ., సైనిక ప్రమాణంలో రాసి ఉంటుంది. దాని కంటే పాతదైన వీవర్ పట్టాలో గాళ్లు ఇరుకు, మధ్య దూరానికి కచ్చితమైన లెక్క లేదు. కాబట్టి వీవర్ మౌంట్ సాధారణంగా పికాటిన్నీలో కూర్చుంటుంది, పికాటిన్నీ మౌంట్ వీవర్‌లో అన్నిసార్లూ కూర్చోదు. మన మ్యాచ్ రైఫిళ్లకు మాత్రం డవ్‌టెయిలే గతి. పాతదే అయినా నాకు దానిమీద ఫిర్యాదు లేదు. బరువు తక్కువ, సైట్‌ను ముందుకూ వెనక్కూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరుపుకోవచ్చు. గాళ్ల పట్టాలో ఆ వీలు లేదు.

కింది దిమ్మె విప్పి చూస్తే అనుకున్నట్టే ఉంది. దవడ మీద రాపిడి గీత ముందు సగంలోనే ఉంది, వెనక సగం కొత్తదానిలా మెరుస్తోంది. వెనక సైట్ ఎటు జరిగితే దెబ్బ అటే జరుగుతుంది. సైట్ కొద్దిగా కుడికి తిరిగితే గ్రూప్ కుడికే పోతుంది. లెక్క కుదిరింది. రెండు దిమ్మెలూ తీసేసి, ఆ రైఫిల్ కంపెనీదే ఒకటే 10 మి.మీ. దిమ్మె తెప్పించి వేశాను. వెనక సైట్ క్లిక్కులు కూడా చూశాను. వైస్‌లో రైఫిల్ కదలకుండా పెట్టి, సైట్‌లోంచి టార్గెట్ చూస్తూ ఇరవై క్లిక్కులు కుడికి, ఇరవై ఎడమకు తిప్పితే బొమ్మ మొదటి చోటికే వచ్చింది. మరలో వదులు లేదు. ఇసుక సంచుల మీద ఆన్చి నేనే నలభై షాట్లు కొట్టాను. గ్రూప్ ఎక్కడా జరగలేదు. రైఫిల్ ఇచ్చేశాను, డబ్బులు తీసుకున్నాను.

పది రోజులకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్: "సార్, మళ్లీ కుడికే పోతోంది. ఇంతకుముందు కంటే కొంచెం తక్కువ, అంతే."

ఎక్కడ తప్పాను

ఆ "కొంచెం తక్కువ" అన్న మాట ఆ అమ్మాయి చెప్పకపోతే నేను కూడా టెన్షన్ అనో, ట్రిగర్ అనో అనేవాణ్ణేమో. తగ్గిందంటే నేను తీసింది నిజమైన లోపమే. కానీ అది సగమే.

ఈసారి రైఫిల్ ముట్టుకోలేదు. ఆమెను మా రేంజ్‌కు రమ్మని, అరవై షాట్లు కొట్టించి, వెనక కుర్చీ వేసుకుని చూశాను. ఆరేడు షాట్లకు ఒకసారి రైఫిల్‌ను స్టాండ్ మీద పెట్టి చేతులు విదిలిస్తుంది. పెట్టే ముందు ఎడమ చేయి ముందుకు జారి, ముందు సైట్ కిందున్న గొట్టాన్ని పట్టుకుంటుంది. ఆ గొట్టంతోనే రైఫిల్ ముక్కును స్టాండ్ మీదకు తిప్పుతుంది. తీసేటప్పుడూ అంతే. అరవై షాట్లలో పద్దెనిమిది సార్లు లెక్కపెట్టాను.

నేను సంచుల మీద కొట్టినప్పుడు ఆ గొట్టాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇక నా గ్రూప్ ఎందుకు జరుగుతుంది?

ఆ గొట్టం గురించి కొంచెం చెప్పాలి. ఎయిర్ రైఫిల్ అసలు బారెల్ పొట్టిది. చాలా వాటిలో 42 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. ముందు సైట్ బారెల్ కొన దగ్గరే పెడితే రెండు సైట్ల మధ్య దూరం తక్కువై, గురిలో చిన్న తేడా కంటికి ఆనదు. అందుకని బారెల్ మీద ఒక పల్చటి అల్యూమినియం గొట్టం తొడిగి, దాన్ని ముందుకు సాగదీసి, దాని మీద సైట్ పెడతారు. మొత్తం వ్యవస్థ పొడవు 850 మి.మీ. దాటకూడదని అంతర్జాతీయ నియమం. అందరూ ఆ అంచు వరకూ వెళ్తారు. అంటే ముందు సైట్ బారెల్ మీద ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి బారెల్‌ను పట్టుకున్న గొట్టం మీద ఉంది. ఈ రైఫిల్‌లో ఆ గొట్టాన్ని పట్టి ఉంచేవి రెండు చిన్న గ్రబ్ స్క్రూలు, అంటే తల లేని స్క్రూలు.

ఏఆర్ మౌంట్ ఒక కాలు చేతిపట్టు మీద వేస్తే ఏమవుతుందో ఆ తండ్రికి పాఠం చెప్పిన వాణ్ణి, నా బల్ల మీద అదే ఉంటే చూడలేదు.

పీణ్యా పారిశ్రామికవాడలో నాకు తెలిసిన తెలుగాయన లేత్ షాపు ఉంది. అక్కడికి తీసుకెళ్లి రిసీవర్‌ను బిగించి, ముందు సైట్ రింగు పక్కన, సన్నటి కదలికను కొలిచే డయల్ గేజ్ ఆనించాం. గొట్టాన్ని ఆమె పట్టుకున్నట్టే పట్టుకుని, అంతే బలంతో మెల్లగా తిప్పాను. ముల్లు కదిలింది. వదిలితే మొత్తం వెనక్కి రాలేదు. అటూ ఇటూ కలిపి 0.11 మి.మీ. ఆట ఉంది. లేత్ ఆయన నవ్వాడు: "ఇంత సందుకా ఇంత దూరం వచ్చినావు? మా పాత మిషన్లలో దీనికి పదింతలు ఉంటుంది."

ఆ 0.11 ఎంతో ఇప్పుడు లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం ఈ రైఫిల్‌లో సుమారు 750 మి.మీ., టార్గెట్ 10,000 మి.మీ. దూరంలో. సైట్ దగ్గరి తేడా టార్గెట్ దగ్గర పదమూడు రెట్లు దాటుతుంది. 0.11 అక్కడ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. పది మీటర్ల టార్గెట్‌లో పది రింగు ఒక చుక్క, 0.5 మి.మీ. అక్కడి నుంచి ఒక్కో రింగుకు 2.5 మి.మీ. అంటే పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం పోతుంది. నడిమధ్యన పడాల్సిన పెల్లెట్ 1 మి.మీ. జరిగితే 10.9 (ఒక షాట్‌కు గరిష్ఠ స్కోరు) కాస్తా 10.5 దగ్గరికి దిగుతుంది. చివరి నలభై షాట్లలో పదహారు పదిహేడు ఇలా పడినా ఆరేడు పాయింట్లు ఎక్కడికి పోయాయో వేరే వెతకక్కర్లేదు.

దిశ కూడా సరిపోయింది. ముందు సైట్ విషయంలో లెక్క తిరగబడుతుంది: అది ఎడమకు జరిగితే దెబ్బ కుడికి పోతుంది. ఆమె అరచేయి గొట్టం అడుగును కుడికి తోస్తుంది, పైనున్న సైట్ ఎడమకు తిరుగుతుంది. మరి మర్నాడు పొద్దునకు ఎలా సర్దుకునేది? గాలి నింపిన సిలిండర్ బిగించేటప్పుడు రైఫిల్ తిరగకుండా ఇంకో చేత్తో ఏం పట్టుకుంటావమ్మా అని అడిగాను. అదే గొట్టం. ఆ బిగింపు సైట్‌ను ఎదురు దిక్కుకు తిప్పి, మొదటి చోటికి తెచ్చేది. పాపం ఆ పిల్ల రాత్రి ఒక జీరో (గురి పెట్టిన చోటే దెబ్బ పడే సైట్ అమరిక), పొద్దున ఒక జీరోతో నాలుగు నెలలు పోరాడింది.

ఎత్తు సంగతి

రైజర్ల మీద రేంజ్‌లలో ఒక మాట గట్టిగా వినిపిస్తుంది: సైట్లు ఎంత ఎత్తు పెడితే, రైఫిల్ పక్కకు వంగినప్పుడు అంటే క్యాంట్ అయినప్పుడు, తప్పు అంత పెరుగుతుందని. నేనూ చాలాకాలం అదే చెప్పాను. కాగితం మీద గీసి చూస్తే అది నిజం కాదు. జీరో సరిగ్గా ఉన్న రైఫిల్‌ను చూపు రేఖ చుట్టూ వంచితే, టార్గెట్ దగ్గర వచ్చే తేడా పెల్లెట్ దారిలో ఎంత కిందికి దిగుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ పది మీటర్లలో సుమారు 17 మి.మీ. దిగుతుంది. రైఫిల్ 5 డిగ్రీలు వంగితే దెబ్బ 1.5 మి.మీ. పక్కకు పోతుంది. సైట్ బారెల్‌కు 30 మి.మీ. పైన ఉన్నా, 60 మి.మీ. పైన ఉన్నా అంతే. .22 బుల్లెట్ రైఫిల్‌లో యాభై మీటర్లకు బుల్లెట్ 12 సెంటీమీటర్ల దాకా దిగుతుంది కాబట్టి, అదే 5 డిగ్రీలకు ఒక సెంటీమీటరు, అంటే అక్కడి ఒక రింగు కంటే ఎక్కువ పోతుంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచాక ఆ .22 రైఫిల్‌తో మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టే త్రీ పొజిషన్ వైపు వెళ్తామంటున్న పిల్లలు క్యాంట్ గురించి ఇప్పటి నుంచే పట్టించుకోవాలి. ఎత్తు గురించి కాదు.

ఎత్తు చేసే నష్టం వేరే చోట ఉంది. ముందు సైట్ ఎంత ఎత్తుంటే గొట్టం తిరుగుడుకు అంత పొడవైన చేయి దొరుకుతుంది. ఈ రైఫిల్‌లో రింగు మధ్య బారెల్ మధ్యకు 52 మి.మీ. పైన ఉంది. ఆ ఎత్తులో గొట్టం డిగ్రీలో పదో వంతు కంటే తక్కువ తిరిగినా టార్గెట్ మీద మిల్లీమీటరు పోతుంది. అదే స్క్రూ, అదే వదులు, సైట్ 36 మి.మీ. ఎత్తులో ఉంటే తేడా మూడో వంతు తగ్గేది. కాబట్టి రైజర్ వదులును పుట్టించదు, ఉన్న వదులును పెద్దది చేసి చూపిస్తుంది.

ఏం చేశాం, ఏం చేయలేదు

తండ్రి కొత్త వెనక సైట్ కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. పెద్ద బ్రాండుది, ఎవరో చెప్పారట. వద్దన్నాను. ఉన్న సైట్ క్లిక్కుల పరీక్షలో నెగ్గింది, లోపం లేని వస్తువు మార్చడం దండగ. గొట్టం మొత్తం మార్చడం ఇంకో దారి. కానీ విప్పి చూస్తే గొట్టం బాగానే ఉంది. పాత యజమాని శుభ్రం చేయడానికి తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఒక గ్రబ్ స్క్రూను బలంగా తిప్పి మర చెడగొట్టాడు. ఇంకోటి బారెల్ మీద పాత గుంటకు పక్కన కూర్చుంది. గుంట అంచు మీద నిలబడ్డ స్క్రూ ఎంత బిగించినా జారుతుంది.

చెడిన మరను పీణ్యాలోనే సరిచేయించాను. కొత్త స్క్రూలు, మధ్య రకం నీలం లాక్ ద్రవం. ఎర్రది ఎప్పుడూ వాడకండి, తర్వాత వేడి చేస్తే తప్ప రాదు. బిగింపు తయారీదారు పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ డ్రైవర్‌తో చేశాను. ఎస్‌జేపీ రోడ్డులో కొన్న పొడుగు అలెన్ కీతో "ఇంకొంచెం, ఇంకొంచెం" అనుకుంటూ తిప్పడం వల్లే మొదటి మర పోయింది.

ముందు సైట్ నిలువుగా ఉందో లేదో చూడటానికి నా దగ్గర ఖరీదైన పరికరం లేదు. డవ్‌టెయిల్ పైన చిన్న రసమట్టం పెట్టి రిసీవర్‌ను సమంగా బిగించాను. ఎదురుగోడకు మేస్త్రీలు వాడే గుండు దారం వేలాడదీసి, వెనక నుంచి చూస్తూ సైట్ కాడను దారానికి కలిపాను. నిజానికి పది మీటర్లకు మాత్రమే కొట్టే రైఫిల్‌లో వెంట్రుకవాసి వంకర ఉన్నా, దాన్ని క్లిక్కులు సర్దేస్తాయి. వంకర ఉన్నా పర్వాలేదు, అది రోజూ ఒకే వంకర కావాలి.

ఆ తర్వాత ఎత్తు. పూర్తిగా తీసేస్తే ఆమె మెడకు కష్టం. 10 మి.మీ. దిమ్మెలు తీసి ముందూ వెనకా 6 మి.మీ. వేశాం. నాలుగు మిల్లీమీటర్లు దించితే తల కూడా నాలుగు దిగాలి కదా అనిపిస్తుంది. అలా కాకుండా రైఫిల్‌నే నాలుగు పైకి తెచ్చాం: భుజానికి ఆనే బట్‌ప్లేట్‌ను స్టాక్ మీద 4 మి.మీ. కిందికి, చెంప ఆనే చీక్‌పీస్‌ను 4 మి.మీ. కిందికి, ఎడమ చేతి కింద దిమ్మెను 4 మి.మీ. పొడవుగా. తల, మెడ, భుజం ఉన్నచోటే ఉన్నాయి. ఇంకో సంగతి: రెండు సైట్లూ సమానంగా దించితే జీరో మారదని చాలామంది అనుకుంటారు. మారుతుంది. చూపు రేఖ బారెల్‌కు 4 మి.మీ. దగ్గరైంది కాబట్టి దెబ్బ 4 మి.మీ. పైకి పడుతుంది, రింగున్నర. అది క్లిక్కులతో పోయేదే. పొరపాటున వెనకది ఒక్కటే 1 మి.మీ. దించితే మాత్రం దెబ్బ 13 మి.మీ. కిందికి పడి, మ్యాచ్ రోజైతే గుండె ఆగినంత పనవుతుంది.

మళ్లీ డయల్ గేజ్ పెట్టాం. అదే చేయి, అదే బలం. ముల్లు కొద్దిగా వంగి, వదలగానే సున్నాకు వచ్చింది. అల్యూమినియం గొట్టం వంగకుండా ఉండదు, తిరిగి రావడమే ముఖ్యం.

సాక్షి గీత కోసం పెయింట్ మార్కర్ వెతుకుతుంటే అమ్మాయి బ్యాగులోంచి నెయిల్ పాలిష్ తీసింది. గొట్టం అంచు నుంచి బారెల్ మీదకు ఒక సన్నటి గీత, వెనక దిమ్మె నుంచి రిసీవర్ మీదకు ఇంకోటి. ముదురు ఎరుపు. గీత విరిగితే ఏదో కదిలినట్టు. మ్యాచ్‌కు ముందు రెండు సెకన్ల పని.

అలవాటు మార్చడానికే ఎక్కువ సమయం పట్టింది. స్టాండ్ మీద పెట్టేటప్పుడు ఎడమ చేయి స్టాక్ ముందుభాగం దాటకూడదు, సిలిండర్ బిగించేటప్పుడు స్టాక్‌నే పట్టుకోవాలి. చెప్పడం ఒక్క నిమిషం. ఆమె చేయి మూడు వారాల పాటు దానంతట అదే ముందుకు జారేది. వాళ్ల నాన్న వెనక కూర్చుని, జారినప్పుడల్లా "చెయ్యి!" అని అరిచేవాడట. రేంజ్‌లో పక్క లేన్ వాళ్లు ఫిర్యాదు చేశారు.

మొదటిసారి తీసుకున్న డబ్బుల్లో దిమ్మె ఖరీదు ఉంచుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాను. ఆయన వద్దన్నాడు, కానీ సగం పనికి పూర్తి కూలి తీసుకోవడం నాకు నచ్చలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లేముందు రైఫిల్ ఒకసారి చూడమని తెచ్చారు. గీతలు రెండూ చెక్కుచెదరలేదు. డైరీలో రెండు నెలల స్కోర్లు 616 నుంచి 619 మధ్య ఉన్నాయి. గ్రూప్ కుడికి జరిగిన రోజు ఒకటే ఉంది, ఆ రోజు జ్వరమని పక్కన రాసుకుంది. చివరి పది షాట్లలో గ్రూప్ ఇంకా కొంచెం కిందికి దిగుతోంది. అది నడుము అలసట, స్క్రూడ్రైవర్‌తో పోయేది కాదు. వాళ్ల కోచ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

పెట్టె మూసేముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూశాను. పాత యజమాని కొన్నప్పటిదే. గడువు ఇంకో నాలుగు నెలల్లో ముగుస్తుంది. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి దిగకూడదు, దాన్ని నింపడం ప్రమాదం కూడా. తండ్రి అప్పటికే ఫోన్ తీసి ఏదో కొత్త వీడియో చూపించబోతున్నాడు.

"అన్నా, అది తర్వాత చూద్దాం" అన్నాను. "ముందు సిలిండర్ ఆర్డర్ పెట్టు."